కార్డ్‌లెస్ వాక్యూమ్ బ్యాటరీ: కంపెనీ ప్యాకా, బయటి ప్యాకా, సెల్స్ మార్పిడా? ఏది మేలు?

కొన్న రెండు మూడేళ్లకు కార్డ్‌లెస్ వాక్యూమ్ హాలు పూర్తయ్యేలోపే ఆగిపోతుంటే అందరూ అడిగే ప్రశ్న ఒకటే. కంపెనీ బ్యాటరీయే కొనాలా, ఆన్‌లైన్‌లో తక్కువకు వచ్చేది సరిపోతుందా, లేక పాత ప్యాక్‌లోనే సెల్స్ మార్పించుకోవచ్చా? లెక్కలు స్పష్టంగా ఉండాలని డైసన్ కంపెనీ వీ8 మోడల్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. మిగతా స్టిక్ వాక్యూమ్‌లలో చాలావాటి ప్యాక్ కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది.

డబ్బు పెట్టేముందు తప్పు బ్యాటరీదేనని తేల్చుకోండి. ట్రిగ్గర్ నొక్కి ఉంచినా మోటారు ఆగుతూ, మొదలవుతూ, మళ్లీ ఆగుతూ ఉంటే గాలి దారి ఎక్కడో మూసుకుపోయినట్టు. ఫిల్టర్‌ను సబ్బు లేకుండా చన్నీళ్లతో కడిగి కనీసం 24 గంటలు ఆరనివ్వాలి. ముసురు పట్టిన రోజుల్లో రెండు రోజులు పడుతుంది. తడి ఆరని ఫిల్టర్ పెడితే గాలి ఆడక మళ్లీ అదే గొడవ. తరువాత పైపు, బ్రష్ హెడ్ తీసేసి మెషీన్ ఒక్కదాన్నే నడపండి. అలా బాగా తిరిగి, హెడ్ తగిలించగానే ఆగిపోతే రోలర్‌కు చుట్టుకున్న జుట్టునో, హెడ్‌లోని మోటారునో చూడాలి.

ఇవన్నీ బాగున్నాయంటే బ్యాటరీ సంగతి చూడాలి. ఫుల్ చార్జ్ చేసి, హెడ్ లేకుండా మామూలు మోడ్‌లో ఎన్ని నిమిషాలు నడుస్తుందో చూడండి. వీ8 కొత్తలో 40 నిమిషాలు నడవాలి. నెలనెలా తగ్గుతూ పది పన్నెండుకు వచ్చిందంటే సెల్స్ అన్నీ కలిసి అరిగాయి. నిన్నటిదాకా బాగా నడిచి ఇవాళ రెండు సెకన్లకే ఆగుతోందంటే చాలావరకు ఒక్క సెల్ మిగతావాటికంటే కిందికి పడిపోయి ఉంటుంది. ఈ రెండింటి తేడా గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది. ప్యాక్‌ను మెషీన్ నుంచి ఊడదీసి టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ పెడితే సున్నా చూపినా కంగారు పడొద్దు. చాలా ప్యాక్‌లలో ట్రిగ్గర్ నొక్కేదాకా లోపలి బోర్డు కరెంటు బయటికి వదలదు.

ఇక ఎంపిక. అందరూ ధరనూ, ఎంత చార్జ్ పడుతుందో చెప్పే ఎంఏహెచ్ అంకెనూ చూస్తారు. నా దృష్టిలో తేల్చేవి ఆ రెండూ కావు. సెల్ ఎంత కరెంటు ఇవ్వగలదు, దాన్ని కాచే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) బోర్డు ఎలాంటిది, ఇవే అసలు ప్రశ్నలు. వీ8 మోటారు 425 వాట్లది. ప్యాక్‌లో 18650 అనే సైజు గుండ్రటి లిథియం సెల్స్ ఆరు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనుక ఒకటిగా ఉంటాయి, 21.6 వోల్టులు. అంటే మ్యాక్స్ మోడ్‌లో ప్రతి సెల్ నుంచీ సుమారు 20 ఆంపియర్లు లాగుతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో వాడే మామూలు సెల్ దీనికి తట్టుకోదు. వేడెక్కుతుంది, వోల్టేజి కుంగుతుంది, బోర్డు కట్ చేస్తుంది. శామ్‌సంగ్ 25ఆర్ లాంటి హై డ్రెయిన్ (ఎక్కువ కరెంటు ఇవ్వగల) సెల్ 2500 ఎంఏహెచ్‌దే అయినా 20 ఆంపియర్లు ఇస్తుంది. ఇక్కడ ఎంఏహెచ్ అంకె చిన్నదైనా ఇలాంటి సెల్లే మేలు.

బయటి ప్యాక్‌లలో మోసం జరిగేది ఈ అంకె దగ్గరే. సిరీస్‌లో కలిపితే వోల్టులు పెరుగుతాయి కానీ ఎంఏహెచ్ పెరగదు, ప్యాక్ కెపాసిటీ అంటే ఒక్క సెల్ కెపాసిటీయే. మంచి 18650 సెల్ 3500కు అటూఇటూగా ఆగిపోతుంది. అలాంటప్పుడు ఆరు 18650 సెల్స్‌తో 6000 ఎంఏహెచ్ అని రాసి ఉందంటే అది అబద్ధం. తూకం వేసి చూడండి. ఒక్కో అసలు సెల్ 45 నుంచి 48 గ్రాములు ఉంటుంది, ఆరు కలిపి 270కి తగ్గవు. కేసు, బోర్డు కలిపినా ప్యాక్ 300 గ్రాములు తూగకపోతే తిప్పి పంపేయండి. లేబుల్ మీద బ్యాటరీల భద్రతకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 16046, ఆర్ అక్షరం తరువాత ఎనిమిది అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరును భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో వెతికి, వచ్చే తయారీదారు పేరు ప్యాక్ మీది పేరుతో కలుస్తుందో లేదో చూడండి. ఇవన్నీ దాటిన బయటి ప్యాక్ దొరికితే పనికొస్తుంది. కొన్నాక మ్యాక్స్ మోడ్‌లో రెండు నిమిషాలు నడిపి, ప్యాక్ మీద చెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే వాడకండి.

సెల్స్ మార్పిడి చవకగా కనిపిస్తుంది, కానీ పని సున్నితమైనది. సోల్డరింగ్ ఐరన్‌ను నేరుగా సెల్ మీద పెట్టకూడదు, ఆ వేడికి లోపల ప్లస్, మైనస్‌లను వేరుచేసే సెపరేటర్ పొర దెబ్బతింటుంది. క్షణంలో ఒక్క చోటే అతికించే స్పాట్ వెల్డరే కావాలి. సెల్స్‌ను కలిపే స్వచ్ఛమైన నికెల్ స్ట్రిప్ 0.15 మిల్లీమీటర్ల మందం, 8 మిల్లీమీటర్ల వెడల్పుది తీసుకుని రెండు పొరలు వేయాలి, 20 ఆంపియర్లకు ఒక్క పొర చాలదు. నికెల్ పూత పూసిన ఇనుప స్ట్రిప్‌ను స్వచ్ఛమైనదని అమ్ముతారు. గీసి ఉప్పునీళ్లలో రాత్రంతా ఉంచితే తుప్పు పడుతుంది, దొరికిపోతుంది. సెల్ బయటి డొక్కంతా మైనస్సే కాబట్టి ప్లస్ వైపు కాగితపు రింగు తప్పనిసరి. ఆరు సెల్స్ ఒకే లాట్‌వి కావాలి, కలిపే ముందు వాటి వోల్టేజిల మధ్య తేడా 0.02 వోల్టులు మించకూడదు. ఒక్కో సెల్ వోల్టేజిని బోర్డుకు చూపే సెన్స్ వైర్లను బీ మైనస్ (ప్యాక్ మైనస్ కొస) నుంచి మొదలుపెట్టి వరుసగా పైకి అతకాలి.

ఇంత చేసినా బోర్డు ఒప్పుకోకపోవచ్చు. డైసన్ వీ6, వీ7 ప్యాక్‌ల బోర్డు మీది చిప్‌కు సెల్స్‌ను సమం చేసే సామర్థ్యం ఉంది, దానికి కావలసిన రెసిస్టర్లు మాత్రం బోర్డు మీద బిగించలేదు. సెల్స్ మధ్య తేడా 0.3 వోల్టులు దాటితే బోర్డు శాశ్వతంగా లాక్ అవుతుంది, ఎర్ర లైటు 32 సార్లు కొట్టుకుంటుంది. ఆ తరువాత కొత్త సెల్స్ వేసినా ఆ లాక్ పోదు. చిప్‌లోకి ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ (చిప్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించి బతికించవచ్చు కానీ దానికి ప్రోగ్రామర్ అనే పరికరం కావాలి, అది అందరి పని కాదు. అందుకే పైన చెప్పిన తేడా ముఖ్యం. మెల్లగా అరిగిన ప్యాక్‌కు సెల్స్ మార్పిస్తే ఫలితం ఉంటుంది. హఠాత్తుగా ఎర్ర లైటుతో ఆగిన ప్యాక్‌కు మార్పిస్తే సెల్స్ డబ్బు కూడా పోయే ప్రమాదం ఉంది.

కంపెనీ ప్యాక్‌కు ధర ఎక్కువ, కానీ సెల్, బోర్డు, చార్జర్ ఒకదానికొకటి కుదిరి ఉంటాయి, మార్చడానికి స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. మోడల్ నంబరు చూసి కొనండి. వీ11లో స్క్రూలతో బిగించే రకమూ ఉంది, క్లిక్ రకమూ ఉంది, ఒకదాని ప్యాక్ మరోదానికి పట్టదు. చార్జర్లు కూడా వేరు. వీ8ది 26.1 వోల్టులు, వీ10ది 30.45. అవి కలవకుండా చూసుకోండి. మీ మోడల్‌కు కంపెనీ ప్యాక్ ఇంకా దొరుకుతుంటే నా ఓటు దానికే. దొరకడం ఆగిపోయి, ప్యాక్ మెల్లగా అరిగినదైతే సెల్స్ మార్పిడికి వెళ్లండి. ఇంట్లో కాదు, ఈ-బైక్, పవర్ టూల్ బ్యాటరీలు కట్టే వర్క్‌షాపులో. హైదరాబాద్‌లో విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీలో వెతకొచ్చు. ఏ సెల్ వేస్తారో వెల్డింగ్‌కు ముందే చూపించమనండి. బయటి ప్యాక్ నా వరుసలో మూడోది.

పవర్ టూల్ 18 వోల్టుల బ్యాటరీని తగిలించే అడాప్టర్లూ ఉన్నాయి. నడుస్తుంది, కాకపోతే బరువు పెరుగుతుంది, పీల్చే బలం కొంత తగ్గుతుంది. ఫ్రీజర్‌లో పెడితే బ్యాటరీ బతుకుతుందన్న చిట్కా లిథియం సెల్స్‌కు పనిచేయదు.

పాత ప్యాక్ టెర్మినల్స్‌కు టేపు చుట్టి ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికి ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని ఇంటి చెత్తలో కలపకూడదు. లీకైన లేదా ఘాటు వాసన వస్తున్న ప్యాక్‌ను ఆలోపు ఇంట్లో కాకుండా, ఇసుక నింపిన లోహపు డబ్బాలో ఎండ తగలని చోట బయట ఉంచండి.