నాన్న బుల్లెట్: చక్రాలు, బ్రేకులు, ట్యాంకు బాగుచేయించిన నాలుగేళ్ల తర్వాత

నాన్న 1984లో కొన్న బుల్లెట్ 350 మళ్లీ రోడ్డెక్కి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో పదహారు వేల కిలోమీటర్లు తిరిగాను. ఎక్కువగా హైదరాబాద్‌లో తార్నాక నుంచి బాలానగర్, వీలైన ఆదివారం వికారాబాద్ దగ్గరి అనంతగిరి. కుడి కాలికి గేరు, ఎడమ కాలికి బ్రేకు ఉన్న పాత బండి ఇది. అందరూ రంగు ఎక్కడ వేయించావని అడుగుతారు. రంగు చివర్లో వేయించుకోవచ్చు. చేతిలో ఉన్న డబ్బు ముందు చక్రాలకి, బ్రేకులకి, పెట్రోలు వెళ్లే దారికి పెట్టండి. నాకు ఈ మూడే పనికొచ్చాయి.

చక్రాలతో మొదలుపెడతాను. 19 అంగుళాల రిమ్ములు, ఒక్కోదానికి 40 పుల్లలు (స్పోకులు). పాత రిమ్ములు పైకి బాగానే కనిపించాయి. టైరు ఊడదీస్తే లోపల పుల్లల రంధ్రాల చుట్టూ తుప్పు పొరలు పొరలుగా లేచింది. రాణిగంజ్‌లో రెండు రోజులు తిరిగి కొత్త రిమ్ములు, స్టెయిన్‌లెస్ పుల్లలు తెచ్చాను. కూలితో కలిపి రెండు చక్రాలకి పదకొండు వేలు. పుల్లలు కట్టింది ముషీరాబాద్‌లో ఒక పెద్దాయన. అన్నీ బిగించాక చక్రం మెల్లగా తిప్పుతూ ఒక్కో పుల్లని చిన్న స్పానర్‌తో తట్టారు. "కండ్లు మూసుకొని ఇను బిడ్డా, ఏది వేరే సప్పుడు చేస్తదో చెప్పు" అన్నారు. పదమూడో పద్నాలుగో పుల్ల దగ్గర 'టింగ్' పోయి 'టక్' అని వినిపించింది. అది వదులు. ఇప్పటికీ నెలకోసారి అలాగే తట్టి చూసుకుంటాను. మొదటి ఐదు వందల కిలోమీటర్ల తర్వాత ఒకసారి మళ్లీ బిగించాల్సి వచ్చింది. ఆ తర్వాత రెండు రిమ్ములూ ఊగలేదు.

ఇక బ్రేకుల దగ్గర నేను చేసిన తప్పు చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇదే క్రమంలో పని చేయిస్తున్నారు. నేను ముందు బ్రేకు డ్రమ్ములు లేత్ పట్టించి (లోపలి వైపు గుండ్రంగా, నున్నగా చెక్కించి), తర్వాత పుల్లలు కట్టించాను. బండి రోడ్డెక్కాక ముందు బ్రేకు నొక్కితే చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకచోట పట్టి ఒకచోట వదిలేది. లీవరు వేళ్ల కింద కొట్టుకునేది. డ్రమ్ముకి ఆనే బ్రేకు షూలు మార్చాను, కేబుల్ మార్చాను, ఏమీ తేడా లేదు. చివరికి ఆ పెద్దాయనే అసలు సంగతి చెప్పారు. నలభై పుల్లలు బిగించాక ఆ లాగుడికి డ్రమ్ము గుండ్రం చెడుతుంది. అంచేత చక్రం కట్టి, అవుట్ (చక్రం ఊగడం) తీసి, ఆ తర్వాత చక్రాన్ని అలాగే లేత్ మీద ఎక్కించాలి. చక్రం మొత్తం పట్టే పెద్ద లేత్ బాలానగర్‌లో దొరికింది. డ్రమ్ము లోపలంతా నున్నగా వచ్చేదాకా సన్నగా తీశారు, అంతకు మించి వద్దన్నాను. డ్రమ్ము మందం తగ్గితే మళ్లీ తెచ్చుకోలేం.

డ్రమ్ము కాస్త పెద్దదయ్యాక మామూలు కొత్త షూలు మధ్యలో మాత్రమే ఆనుతాయి. డ్రమ్ము లోపల సుద్దముక్క రుద్ది, చక్రం బిగించి, బ్రేకు కొంచెం పట్టి తిప్పి, విప్పి చూశాను. సుద్ద అంటిన చోటే ఆనుతోందన్నమాట. అక్కడ గరుకు కాగితంతో రుద్దడం, మళ్లీ బిగించడం. ఒక్క చక్రానికి ఆరుసార్లు పట్టింది. చివరికి షూ మొత్తానికి తెల్లగా అంటింది. ఈ పని చేసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, తడిపి రుద్దండి. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. డ్రమ్ములో దుమ్మును కంప్రెసర్‌తో ఊదనివ్వకండి, తడిగుడ్డతో తుడవండి. ఇంకొక చిన్న పని: చక్రం ఇరుసు (యాక్సిల్) నట్టు వదులుగా ఉంచి, బ్రేకు గట్టిగా నొక్కి పట్టుకుని, అప్పుడు బిగించాలి. షూలు డ్రమ్ముకి సరిగ్గా మధ్యలో కూర్చుంటాయి. దీనికి పైసా ఖర్చు లేదు, తేడా మాత్రం వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు బ్రేకు ఎలా ఉందంటే, అనంతగిరి ఘాట్ దిగుతుంటే నమ్మకంగా ఉంది. డిస్క్ బ్రేకు బండి ఆగిన దూరంలో ఇది ఆగదు, ముందు బండికి ఎడం ఎక్కువ ఇవ్వాల్సిందే. వానలో మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లలోంచి వస్తే మొదటి రెండు నొక్కులకి అసలు పట్టదు. నీళ్లు దాటగానే బ్రేకు కొంచెం పట్టి ఉంచి నాలుగడుగులు నడిపితే ఆరి దారికొస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ట్యాంకు. లోపలి తుప్పు తీయించి, ఒక షాపువాళ్ల మాట విని లోపల సీలర్ (తుప్పు పట్టకుండా పోసే పూత) పోయించాను. పద్నాలుగు నెలలకి అది పొరలుగా ఊడింది. చేవెళ్ల దాటాక బండి స్లోలో (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు) నిలవడం మానేసింది, యాక్సిలరేటర్ ఇస్తే మాత్రం బాగానే లాగేది. ఇంజిన్‌కి పెట్రోలు, గాలి కలిపి ఇచ్చే కార్బురేటర్ విప్పితే, స్లోకి పెట్రోలు ఇచ్చే సన్న రంధ్రం పైలట్ జెట్‌లో ఊడిన సీలర్ పొట్టు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తట్టుకోలేని సీలర్ పోస్తే పోయనట్టే. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి సగం ఖాళీ ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టిన బండికి లోపల తుప్పు పట్టే ప్రమాదం ఎక్కువ. ఆ సీలర్ మొత్తం తీయించి, నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్లు ఒక రాత్రి ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, వెంటనే కాస్త ఇంజిన్ ఆయిల్ తిప్పాను. మళ్లీ సీలర్ జోలికి పోలేదు. ట్యాంకు నిండుగా ఉంచుతున్నాను. దాదాపు మూడేళ్లుగా పెట్రోలు ట్యాప్ జాలీలో తుప్పు కనపడలేదు. గట్టిపడిన పాత పెట్రోలు పైపు తీసేసి ఇథనాల్‌కి పనికొచ్చేది వేశాను.

కార్బురేటర్ మికార్బ్ వీఎం24. యాక్సిలరేటర్‌తో లోపల పైకీ కిందకీ కదిలే స్లైడ్ అరిగిపోయి స్లో ఎప్పుడూ నిలకడగా ఉండేది కాదు, కొత్తది వేస్తే సరిపోయింది. దాని గురించి అంతకంటే చెప్పేదేమీ లేదు.

కానీ ట్యాంకు మూత గురించి చెప్పాలి. ఇరవై కిలోమీటర్లు వెళ్లగానే బండి ఆగిపోయేది, పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్ అయ్యేది. స్పార్క్ ఇచ్చే కాయిల్ వేడెక్కుతోందని కాయిల్, కండెన్సర్ రెండూ మార్పించాను. ఒకరోజు బేగంపేట ఫ్లైఓవర్ మీద ఆగింది. ట్రాఫిక్‌లో టెన్షన్‌తో పెట్రోలు ఉందో లేదో అని మూత తిప్పితే 'సుయ్' మని గాలి లోపలికి లాక్కుంది. మూతలో గాలి రంధ్రం రంగుతో మూసుకుపోయింది. గుండుసూదితో పొడిచాను, ఆ జబ్బు మళ్లీ రాలేదు.

వెనక చక్రం బేరింగులు ఈ వేసవిలో మార్చాలి. చప్పుడు లేదు గానీ, స్టాండ్ వేసి చేత్తో తిప్పితే అరచేతికి కొంచెం గరుకు తగులుతోంది.