ఎలైజా ప్లేట్ వాషర్, ఆరేళ్లు వాడాక: "వాష్ కంప్లీట్" అంటే నమ్మేయకండి

ఎలైజా అంటే వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లాస్టిక్ ప్లేట్‌లో రంగు చూసి చేసే రక్తపరీక్ష, మధ్యమధ్యలో ఆ వెల్స్‌లో సూదులతో బఫర్ (కడిగే ద్రావణం) పోసి, మళ్లీ సూదులతోనే పీల్చేసి కడిగే మిషనే ఈ వాషర్. స్పెసిఫికేషన్లు అవీ నేను రాయట్లేదు, 8 సూదుల వాషర్లన్నీ దాదాపు ఒకటే, కొటేషన్ పట్టుకొచ్చిన సేల్స్ అబ్బాయే మీకు గంటసేపు చెప్తాడు. నా బాధంతా వాష్ అయ్యాక స్క్రీన్ మీద పడే "వాష్ కంప్లీట్" అనే మాట గురించే. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే.

మాది ఖమ్మంలో చిన్న ల్యాబ్. ఇది రాకముందు డెంగీ సీజన్‌లో అంతా చేత్తోనే, మల్టీచానల్ పిపెట్‌తో బఫర్ పోయడం, సింక్‌లోకి విదిలించడం, టిష్యూ కట్ట మీద బోర్లించి టపటపా కొట్టడం, మళ్లీ పోయడం, ఇలా ప్లేట్‌కి ఆరుసార్లు. సాయంత్రానికి బొటనవేలు పట్టేసేది. అందుకే మొదటి ఏడాది దీన్ని తెగ పొగిడా, తెలిసిన ఇంకో ల్యాబ్ వాళ్లతో కూడా కొనిపించా. అబద్ధం చెప్పలేదు కానీ, అప్పటికి దీని సంగతి నాకు పూర్తిగా తెలీదు.

మూడో ఏడాది సెప్టెంబర్‌లో, శనివారం రాత్రి రష్‌లో మా కుర్రాడు ఆఖర్న డిస్టిల్డ్ వాటర్ తిప్పకుండా, గొట్టాల్లో బఫర్ అలాగే వదిలేసి వెళ్లాడు, ఆదివారం సెలవు. సోమవారం 37 ఎన్ఎస్1 (డెంగీ వైరస్ ప్రోటీన్ పరీక్ష) సాంపిల్స్, 3 కంట్రోల్స్ (ఫలితం ముందే తెలిసినవి), మొత్తం ఐదు స్ట్రిప్స్ పెట్టాం, స్ట్రిప్‌కి ఎనిమిది వెల్స్. వాషర్ చక్కగా తిరిగింది, "వాష్ కంప్లీట్" అంది. టీఎంబీ (రంగు తెప్పించే ద్రావణం) వేశాం, ఆ రంగు మార్పు ఆపే స్టాప్ సొల్యూషన్ వేశాం. రంగు కొలిచే రీడర్‌లో పెట్టేముందు ప్లేట్‌ని కిటికీ వెలుగుకి ఎత్తి చూడటం నాకు పాత అలవాటు. ఐదు స్ట్రిప్స్‌లోనూ నాలుగో వెల్, అదే డీ వరుస, ఒకే పసుపు, స్కేల్ పెట్టి గీత గీసినట్టు.

అసలు భయం వేసిందేంటంటే, రీడర్ రన్ పాస్ అంది. కంట్రోల్స్ మూడూ ఏ, బీ, సీ వెల్స్‌లో ఉన్నాయి కదా, వాటికేం కాలేదు. మొత్తం తొమ్మిది పాజిటివ్, అందులో ఐదు డీ వరుసవే. వర్క్ షీట్ చూస్తే 1, 9, 17, 25, 33 నంబర్లు.

"సీజన్ కదన్నా, వస్తయి" అన్నాడు మా కుర్రాడు.

"వస్తయి తమ్ముడూ, కానీ డెంగీ ఎనిమిదేసి లెక్కపెట్టుకుని వస్తదా?" అన్నా.

రిపోర్టులు ఆపమని మా ల్యాబ్ సార్‌కి చెప్పి, మిషన్ మూత తీసి ప్రైమ్ కొట్టి (గొట్టాల్లోంచి సూదుల దాకా బఫర్ తోలి) చూశా. ఏడు సూదుల్లోంచి సన్నగా ధార, నాలుగోదాంట్లోంచి ఏమీ లేదు, కొసన చిన్న బొట్టు వేలాడుతోంది. బఫర్ అంటే ఉప్పునీళ్లే కదా, ఎండి లోపల పంచదార పలుకంత కూడా లేని ఉప్పు గడ్డ కట్టింది. ఆ సూది కింద పడ్డ ప్రతి వెల్‌లో కడగని ఎంజైమ్ మిగిలిపోయి, టీఎంబీ పడగానే రంగు తిరిగింది, సీరం ఎవరిదైనా సరే. మిషన్‌తో పాటు ఇచ్చిన సన్న స్టీల్ తీగ పెట్టి గుచ్చి, గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్ తిప్పితే గానీ ధార రాలేదు. ఆ ఐదూ మళ్లీ పెట్టి చేత్తో కడిగాం, ఒక్కటే పాజిటివ్ నిలిచింది. మిగతా నాలుగింట్లో ఒకటి ఎనిమిదేళ్ల పాపది, వాళ్ల నాన్న అప్పటికే మూడుసార్లు కౌంటర్ దగ్గరకొచ్చి అడిగి వెళ్లాడు.

వేస్ట్ బాటిల్ నిండితే ఊరంతా వినపడేలా అరిచే మిషన్, సూదిలోంచి చుక్క రాకపోతే కిక్కురుమనదు! సర్వీస్ ఇంజనీర్‌ని అడిగితే "రోజూ రిన్స్ చేయడం మీ పని సార్, మాన్యువల్‌లో ఉంది" అన్నాడు. తీసి చూస్తే నిజంగానే ఉంది, కాబట్టి తప్పులో సగం మాది, ఒప్పుకుంటా.

ఇంకోటి, రక్తం తీసే దగ్గర తొందరపడినా దెబ్బ దీనికే తగులుతుంది. ఎర్రమూత ట్యూబ్‌ని కనీసం అరగంట గడ్డ కట్టనివ్వకుండా సెంట్రిఫ్యూజ్‌లో వేసేస్తే (రక్తం పలచబడే మందులు వాడేవాళ్లదైతే ఇంకా ఎక్కువసేపు పడుతుంది) సీరంలో ఫైబ్రిన్ పోగులు మిగిలి వెల్‌లోకి వస్తాయి, పీల్చే సూదికి అడ్డం పడితే ఈసారి ఆ వెల్ ఖాళీ అవ్వక పొంగి పక్క వెల్‌లోకి పోతుంది. పసుపుమూత జెల్ ట్యూబులతో సీరం తేలిగ్గా విడిపోతుంది గానీ వాటికీ ఆ అరగంట ఆగాల్సిందే, పైగా రేటు చూసి సార్ అన్నిటికీ ఒప్పుకోరు.

అన్నట్టు, మొదటి ఏడాది దీన్ని పొగిడేటప్పుడు టిష్యూ మీద కొట్టడం పూర్తిగా మానేశా అని కూడా గొప్పగా చెప్పా, కానీ మానలేదు. వెల్ అడుగున కొంచెం తడి మిగులుతుంది, ఆఖరి వాష్ తర్వాత ఒకసారి కొట్టాల్సిందే.

కొనాలా అంటే, మాలాగా సీజన్‌లో రోజుకి ఒకటి రెండు ప్లేట్లు పడేవాళ్లయితే కొనండి, నేనూ మళ్లీ ఇలాంటిదే కొంటానేమో. రోజుకి ఒకటో రెండో స్ట్రిప్స్ పెట్టేవాళ్లకి దండగ, రిన్స్ చేసే టైమ్‌లో చేత్తో కడిగేయొచ్చు. మా సార్ క్లియా మిషన్ (రంగుకి బదులు వెలుగు కొలిచి ఫలితం చెప్పేది) అంటున్నారు, అదొస్తే థైరాయిడ్, హార్మోన్లు అటు పోతాయి, కానీ సర్కారు లెక్కలో డెంగీ అంటే ఎలైజాలో తేలాల్సిందే కాబట్టి వానాకాలంలో మాత్రం దీనికి పని ఉంటుంది. రోజూ పొద్దున్నే పాత ప్లేట్‌లో ఉత్త బఫర్ ఒకసారి పోయించి ఎనిమిది వెల్స్‌లోనూ మట్టం సమానంగా ఉందో లేదో కంటితో చూసుకున్నాకే సాంపిల్స్ ముడుతున్నా. ఆ స్టీల్ తీగని మిషన్ మూతకి ప్లాస్టర్‌తో అంటించి ఉంచా, అయినా రెండుసార్లు పోయింది, ఇప్పుడున్నది మూడోది.