మొదటి మిలిటరీ డయోరమా: 1/35 మేలా, 1/72 మేలా?

మన నల్లగొండ, పాలమూరు వైపు మిలిటరీ డయోరమా, అంటే సైనికుల, బండ్ల బొమ్మలతో ఒక యుద్ధ సన్నివేశాన్ని చిన్నగా కట్టే హాబీలోకి కొత్తగా వచ్చేవాళ్లు మొట్టమొదట అడిగేది ఏ ట్యాంకు కొనాలి అని. ట్యాంకు సంగతి తర్వాత చూద్దాం, ముందు స్కేలు, అంటే అసలుదానిలో బొమ్మ ఎన్నో వంతు ఉండాలన్నది, తేల్చుకోండి (1/35 అంటే ముప్ఫై అయిదో వంతు). ఎందుకంటే మనుషుల ముఖాలు ఎలా వస్తాయి, చెట్టు ఎంత ఎత్తు ఉండాలి, మట్టి ఎంత సన్నగా జల్లించాలి, చివరికి అది ఇంట్లో ఏ అల్మారాలో పడుతుంది అన్నదంతా దాన్ని బట్టే ఉంటుంది. నా మాట ముందే చెప్పేస్తాను: మొదటిదానికి 1/35, ఒకే ఒక్క చిన్న బండి, ముగ్గురు మనుషులు, ఏ4 కాగితమంత బేస్. 1/72 మేలైన సందర్భాలూ ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

ఊరికే స్కేళ్ల గురించి మాట్లాడుకుంటే తేలదు, ఒక సన్నివేశం అనుకుందాం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి వస్తే, ఇంకో దళం బెజవాడ వైపు నుంచి బయలుదేరి కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేట చేరింది. ఎదురుగా నిజాం సైన్యం హంబర్, స్టాగ్‌హౌండ్ సాయుధ కార్లు, వాటితో పాటు రజాకార్లు. వెనక్కి పోతూ నిజాం సైన్యం మూసీ మీది వంతెనను పేల్చేసింది. కిట్లు (ముక్కలుగా వచ్చే, మనం అతికించుకునే బొమ్మల డబ్బాలు) ఎక్కువగా దొరుకుతాయని చాలామంది మొదటిదే రెండో ప్రపంచ యుద్ధపు నార్మండీయో స్టాలిన్‌గ్రాడో కడతారు. తప్పేం లేదు, కానీ నార్మండీ పొదలు మనం ఫొటోల్లో చూసినంతే. అదే ఎర్ర చెలక వాన పడ్డాక ఏ రంగుకు తిరుగుతుందో, తడి నేలలో చక్రం దిగిన చోట అంచు ఎలా విరుగుతుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. అనుమానం వస్తే బండి తీసి ఊరి బయటికి పోయి చూసి రావచ్చు. దృశ్యం నిజంగా కనిపించాలంటే ఇంతకంటే పెద్ద సాయం ఇంకోటి లేదు, అందుకే మొదటిదానికి మన నేలే తీసుకోమంటాను.

ఇప్పుడు లెక్క. అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి 1/35లో అయిదు సెంటీమీటర్లు, 1/72లో రెండున్నర కూడా ఉండడు. విలీస్ జీపు 1/35లో తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, 1/72లో నాలుగున్నర దాటి కొంచెం. స్టాగ్‌హౌండ్ అయితే 1/35లో పదిహేనున్నర పైన ఉంటుంది, అంటే ఏ4 బేస్‌లో సగం అదే తినేస్తుంది. పైగా 1/35లో స్టాగ్‌హౌండ్ చేసిన బ్రాంకో కంపెనీ కిట్లలో ముక్కలు మరీ ఎక్కువ, మరీ చిన్నవి, అది రెండోదానికో మూడోదానికో ఉంచుకోండి. మొదటిదానికి జీపు చాలు. తమియా కంపెనీ జీపు కిట్ సులువుగా అతుక్కుంటుంది, ముక్కలు ఒకదానికొకటి సరిగ్గా కూర్చుంటాయి.

నేను 1/35 వైపు ఎందుకు మొగ్గుతున్నానంటే మనుషుల కోసం. డయోరమా చూసేవాళ్ల కళ్లు ముందు పోయేది ముఖాల మీదికే, జీపు ఎంత బాగా చేసినా సరే. 1/35లో తల ఏడు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, కనుబొమ్మ కింద నీడ, ముక్కు మీద వెలుగు, దవడ పక్కన ముదురు రంగు వేయడానికి చోటు ఉంటుంది. 1/72లో తల మూడు మిల్లీమీటర్లు. దాని మీద ముఖం తెప్పించాలంటే చెయ్యి బాగా తిరిగి ఉండాలి, మొదటిసారే అది అడగడం అన్యాయం. ఇంకో సంగతి, 1/72 సైనికుల సెట్లు చాలావరకు మెత్తటి ప్లాస్టిక్‌వి. నలభైకి పైగా బొమ్మలు ఒకే డబ్బాలో వస్తాయి, చవకే. కానీ తుపాకీ గొట్టం కొంచెం వంగిందంటే రంగు పెచ్చులుగా లేచిపోతుంది. గిన్నెలు కడిగే సబ్బుతో కడిగి, ఆరాక ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) పూసి మొదలుపెడితే కొంత నిలుస్తుంది. 1/35 బొమ్మలు గట్టి ప్లాస్టిక్, మామూలు ప్లాస్టిక్ సిమెంటుతో అతుకుతాయి, చెయ్యి కోసి ఇంకోలా తిప్పి పెట్టుకోవచ్చు.

అప్పటి మన సైనికులు వాడినవి ఎక్కువగా బ్రిటిష్ వాళ్ల నుంచి వచ్చినవే, .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు, బ్రెన్ గన్లు. కాబట్టి రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ సైనికుల సెట్ తెచ్చుకుని మార్చుకోవచ్చు. సూర్యాపేట పట్టుకున్నది గూర్ఖా పటాలం, వాళ్ల వెడల్పాటి టోపీ కావాలంటే ఎం-సీల్ పలచగా ఒత్తి చేయండి, గట్టిపడ్డాక సన్న సాండ్ పేపర్‌తో రుద్దండి. ఈ పని 1/35లో ఎవరైనా చేయగలరు. ముఖం రంగు దగ్గర జాగ్రత్త: సీసా మీద ఫ్లెష్ అని ఉన్న రంగు నేరుగా పూస్తే గులాబీ రంగు తెల్లవాళ్లు తయారవుతారు. ఎర్ర గోధుమ రంగులో కొంచెం పసుపు మట్టి రంగు కలిపి మొదటి కోటు వేయండి, ముక్కు, చెంప ఎముకల మీద మాత్రం దాన్నే కొంచెం తేలిక చేసి అద్దండి. కళ్లలో తెల్ల చుక్క పెట్టకండి, బెదిరిపోయినట్టు కనిపిస్తారు. రెప్పల చోట సన్న ముదురు గీత చాలు.

చెట్ల దగ్గర మాత్రం 1/72 గెలుస్తుంది, ఒప్పుకోవాల్సిందే. తాటిచెట్టు లేకుండా మా వైపు దృశ్యం ఎవరూ ఊహించరు. పదిహేను మీటర్ల తాటిచెట్టు 1/35లో నలభై మూడు సెంటీమీటర్లు, ఏ4 బేస్ మీద నిలబెడితే జీపూ మనుషులూ దాని కింద కనిపించరు. 1/72లో ఇరవై ఒక్క సెంటీమీటర్లే, నాలుగైదు వరసగా పెట్టినా బాగుంటుంది. 1/35లో దీనికి దారి ఏమిటంటే చెట్టు ఎక్కించకుండా పొద ఎక్కించడం. సెప్టెంబరు నెల అంటే తంగేడు పూసే కాలం, బతుకమ్మకు ముందు రోడ్డు పక్కన అంతా పసుపే. మీటరు ఎత్తు పొద 1/35లో మూడు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ, ఎండిన సన్న వేర్లు కొమ్మలుగా పెట్టి, పొడి చేసిన స్పాంజి ఆకుపచ్చ రంగులో ముంచి అంటించి, పైన పసుపు చుక్కలు అద్దితే అయిపోతుంది. పక్కన రెండు గునుగు పోచలు వేస్తే నెల కూడా చెప్పినట్టే.

నేల సంగతికొస్తే, కొన్న డబ్బా మట్టి కావాలా మన మట్టి కావాలా అంటే మన మట్టే, రెండు స్కేళ్లకీ. కానీ జల్లించకుండా వాడకండి. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు 1/35లో మూడున్నర సెంటీమీటర్ల గులకరాయి, అదే 1/72లో ఏడు సెంటీమీటర్ల రాయి. రోడ్డంతా రాళ్లు పోసినట్టు కనిపిస్తుంది. 1/35కి టీ జాలీ సరిపోతుంది, 1/72కి పలచటి బట్టలో పట్టాలి. తర్వాత పాత పెనం మీద కాసేపు వేయించండి, పురుగూ బూజూ రాకుండా. మట్టిని బేస్ మీద పరిచి, ఫెవికాల్‌లో సమంగా నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి దాని మీద వదిలితే మట్టి దాన్ని పీల్చుకుంటుంది. ఆరాక మొదటి రంగు కంటే ముదురుగా మిగులుతుంది కాబట్టి, పైన లేత మట్టి రంగుతో పొడి బ్రష్ (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్) తిప్పండి. గడ్డికి కొబ్బరి పీచు, గోనెసంచి దారాలు బాగుంటాయి. రాళ్లకు మాత్రం అసలు గ్రానైట్ ముక్కలు పెట్టకండి, అందులో తళుకులు పెద్దవి, చూడగానే స్కేలు బయటపడిపోతుంది. థర్మకోల్ చెక్కి, పైన టిష్యూ కాగితం ఫెవికాల్‌తో అంటించి రంగు వేస్తే మన గుట్టల గుండ్రటి బండలు చక్కగా వస్తాయి. కప్పకుండా థర్మకోల్ మీద నేరుగా స్ప్రే కొడితే అది కరిగిపోతుంది.

ఇంకో మాట, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఇవాళ కోదాడ, మునగాల వైపు కనిపించే పచ్చటి వరి అంతా సాగర్ ఎడమ కాలువ వచ్చాక వచ్చింది, ఆ కాలువల్లోకి నీళ్లు వదిలిందే 1967లో. 1948 దృశ్యంలో చెరువు కింద తప్ప వరి పెట్టకండి. జొన్న, ఆముదం పెట్టండి. ఇల్లు పెడితే స్లాబు కాదు, మట్టి గోడ, గూన పెంకులు. రోడ్డు కూడా ఇప్పటి నాలుగు వరసల రోడ్డు కాదు.

మరి 1/72 ఎప్పుడు? మీకు మనసులో ఉన్నది ఆ మూసీ వంతెన అయితే 1/72 తీసుకోండి, వెనకాడకండి. కూలిన వంతెన, కింద నీళ్లు, గట్టున ఆగిన బండ్ల వరస 1/35లో కడితే మంచమంత జాగా కావాలి. అద్దె ఇంట్లో ఉన్నా, తరచుగా బదిలీలయ్యే ఉద్యోగమైనా కూడా అదే మేలు. అప్పుడు ముఖాల మీద ఆశ పెట్టుకోకండి, మనుషుల నిలబడ్డ తీరుతోనే చెప్పించండి, వంగి చూసేవాడు, చెయ్యి చాపి చూపించేవాడు, జీపులోంచి దిగుతున్నవాడు. మధ్యలో 1/48 కూడా ఉంది, స్కేలు మంచిదే కానీ బొమ్మల సెట్లు తక్కువ, అందుకని మొదటిదానికి చెప్పను.

రంగుల్లో అక్రిలిక్ తీసుకోండి, ఎనామెల్ వాసన ఇంట్లోవాళ్లకు ఇబ్బంది. మా ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో అక్రిలిక్ బ్రష్ మీదే ఆరిపోతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి గుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి రంగు అందులో కలుపుకుంటే గంటల తరబడి తడిగా ఉంటుంది. ఫ్యాన్ ఆపి, పొద్దున్నే కూర్చోండి. పని అయ్యాక పైన మూత తప్పనిసరి. దుమ్ము ఒకసారి ఆ కొబ్బరి పీచు గడ్డిలో కూర్చుంటే బ్రష్‌తో దులిపినా పోదు, పైగా పోచలు ఊడి వస్తాయి, కాబట్టి బేస్ కొలత ఖాయం చేసేటప్పుడే అద్దాల షాపులో డబ్బా కొలత కూడా మాట్లాడుకోండి.