ఎం35ఏ2 మిలటరీ లారీ వైరింగ్ రివ్యూ: తీగలు గట్టివి, ఎర్త్‌లే చూసుకోవాలి

అమెరికా సైన్యం వాడి సర్‌ప్లస్ కింద అమ్మేసిన బళ్లలో ఎం35ఏ2 బాగా పేరున్న లారీ. అక్కడివాళ్లు దీన్ని ‘డ్యూస్ అండ్ ఎ హాఫ్’ అంటారు. రెండున్నర టన్నుల 6×6 (అన్ని చక్రాలకీ ఇంజను శక్తి అందేది), రకరకాల ఇంధనాలతో నడిచే మల్టీఫ్యూయల్ డీజిల్ ఇంజను, 24 వోల్టుల వైరింగ్. డాలస్ శివార్లలోనో హ్యూస్టన్ పక్కనో కాస్త పొలం ఉండి, ఈ బండి మీద మనసు పడ్డవాళ్ల కోసం ఈ రివ్యూ. ఇంజను, గేరుబాక్సు, బ్రేకుల జోలికి పోవడం లేదు. కరెంటు సంగతి ఒక్కటే చూద్దాం.

ముందుగా మా తీర్పు: వైరింగ్ చాలా మంచిది. కంప్యూటర్ లేదు, తీగలు మందం, జాయింట్లన్నీ నీళ్లు చొరని రబ్బరు కనెక్టర్లు, తీగ చివర్లలో రేకు పట్టీ మీద నంబరు. లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఈనాటి కార్ల కంటే ఎంతో తేలిక. అయితే ఏళ్ల తరబడి యార్డులో ఎండకీ వానకీ నిలబడిన బండి ఇది. తీగ మధ్యలో తెగేది తక్కువ, చెడేదంతా తీగ చివర్లోనే. దానికి తోడు ముందు వాడినవాళ్లు పెట్టిన అడ్డదిడ్డపు జాయింట్లు. అందుకే కొనగానే హార్నెస్ (బండిలోని తీగల కట్ట) మొత్తం పీకి కొత్తది వేయించే ఆలోచన మానుకోండి.

లోపం కానివాటిని లోపాలనుకుని జనం రోజులు పోగొట్టుకుంటారు. అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది లైట్ల స్విచ్. డ్యాష్‌బోర్డు మీద మూడు మీటలుంటాయి. పెద్ద మీట ‘ఆఫ్’లో ఉంటే బ్రేకు తొక్కినా వెనక స్టాప్ లైటు వెలగదు, ఇండికేటర్లు కూడా పనిచేయవు. శత్రువుకి కనపడకుండా రాత్రి నడపాల్సిన బండి కనుక అలా కట్టారు. పగలు రోడ్డెక్కితే మీట ‘స్టాప్ లైట్’ దగ్గర, రాత్రయితే ‘సర్వీస్ డ్రైవ్’ దగ్గర ఉండాలి. అక్కడికి జరగాలంటే ‘అన్‌లాక్’ అని రాసి ఉన్న చిన్న మీటని పైకెత్తి పట్టుకోవాలి. అది తెలియక పెద్ద మీటని బలవంతంగా తిప్పి విరగ్గొట్టినవాళ్లున్నారు. ‘బీఓ’ అని ఉన్నవి బ్లాకవుట్ లైట్లు, అంటే శత్రువుకి కనపడకుండా మసగ్గా వెలిగేవి. రోడ్డు మీద వాటితో పని లేదు.

ఇంకో రెండు ఉన్నాయి. మెయిన్ స్విచ్ వేయగానే చెవులు హోరెత్తేలా బజరు మోగుతుంది. అది షార్టు కాదు, బ్రేకులకి కావాల్సిన గాలి ఒత్తిడి చాలదని హెచ్చరిక. ఇంజను నడిచి గాలి సుమారు 60 పీఎస్‌ఐ దాటితే దానంతట అదే ఆగుతుంది. రెండోది, స్విచ్ ఆపినా ఇంజను ఆగదు. ఇంజన్ని ఆపేది డ్యాష్‌బోర్డు మీదున్న స్టాప్ కేబుల్, కరెంటు కాదు. కేబుల్ లాగి ఇంజను ఆపి, స్విచ్ మాత్రం మరిచిపోయి దిగిపోతే ట్యాంకులోని ఫ్యూయల్ పంపు, మీటర్లు రాత్రంతా కరెంటు తాగుతూనే ఉంటాయి. పొద్దునకి బ్యాటరీ డౌన్. స్విచ్ వేసినప్పుడు ట్యాంకు దగ్గర సన్నటి మూలుగు వినిపిస్తే పంపుకి కరెంటు అందుతున్నట్టే. ఆ శబ్దాన్ని గుర్తుపెట్టుకోండి, ఇంజను ఆపాక స్విచ్ వేసి వదిలేశారో లేదో అదే చెబుతుంది.

ఇక బ్యాటరీలు. 12 వోల్టులవి రెండు, సిరీస్‌లో. సైన్యం వాడేవి 6టీ సైజు, ఒక్కోటీ 30 కిలోలకు పైనే. యార్డు నుంచి వచ్చే బండిలో బ్యాటరీలు ఉండకపోవచ్చు, ఉన్నా వాటిని నమ్మి లెక్క వేసుకోవద్దు. కొత్త 6టీ బ్యాటరీలు ఖరీదు. వాటికి బదులు మామూలు లారీలకు వేసే గ్రూప్ 31 బ్యాటరీలు రెండు వేసుకోవచ్చు, పెట్టె కొలత చూసుకుని, కదలకుండా క్లాంపు వేయించాలి. ఒక పాతది, ఒక కొత్తది మాత్రం ఎప్పుడూ కలపొద్దు. ఛార్జింగ్ అయ్యాక కొన్ని గంటలు వదిలి మల్టీమీటర్ పెడితే ఒక్కోటి 12.6, రెండూ కలిపి 25.2 వోల్టులు చూపాలి. రెండిటి మధ్య తేడా 0.3 దాటితే తక్కువ చూపేదాన్ని అనుమానించాలి. ఇంట్లో 12 వోల్టుల ఛార్జరే ఉంటే రెండిటినీ కలిపే లింకు కేబుల్ తీసేసి ఒక్కోదాన్నీ విడిగా ఛార్జ్ చేయండి. విప్పేటప్పుడు ఫ్రేముకి వెళ్లే ఎర్త్ (నెగటివ్) కేబుల్ ముందు, బిగించేటప్పుడు అదే చివర. ఈ వరస తప్పి పాజిటివ్ మీద స్పానరు పెట్టినప్పుడు రెండో చివర బాడీకి తగిలితే ఆ మెరుపు చిన్నది కాదు. ప్లస్ మైనస్ తారుమారైతే ఆల్టర్నేటర్ డయోడ్లు అక్కడికక్కడే పోతాయి.

సెల్ఫ్ నెమ్మదిగా తిరిగినా, ‘టక్’మని ఊరుకున్నా వెంటనే సెల్ఫ్ మోటారు విప్పకండి. ఒకరు స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని, ఇంజను అందుకోకుండా సెల్ఫ్ కొట్టాలి. ఇంకొకరు మీటరు చూడాలి. బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద ఎర్ర పిన్ను, సెల్ఫ్ మోటారు మీదికి వచ్చే పెద్ద బోల్టు మీద నల్ల పిన్ను పెట్టండి. మోటారు తిరిగేటప్పుడు అర వోల్టుకి మించి చూపిస్తే పాజిటివ్ వైపు కేబుల్‌లోనో, దాని చివరుండే లగ్గులోనో (బోల్టుకి బిగించే రింగు) అడ్డు ఉన్నట్టు. తర్వాత నెగటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు బాడీకి అదే పరీక్ష. పిన్ను పెట్టేది సీసపు పోస్టు మీద, క్లాంపు మీద కాదు. క్లాంపు మీద పెడితే పోస్టుకీ క్లాంపుకీ మధ్య ఉన్న తుప్పు లెక్కలోకి రాదు. రెండు వైపులా సరిగ్గా ఉండి, మోటారు తిరుగుతుండగా బ్యాటరీల దగ్గర మొత్తం 18 వోల్టుల కిందికి పడిపోతుంటే ముందు బ్యాటరీల్ని లోడ్ టెస్ట్ చేయించండి. అవి బాగున్నాయని తేలితేనే సెల్ఫ్ విప్పాలి.

నెగటివ్ వైపు అడ్డు కనిపించేది చాలాసార్లు ఫ్రేము దగ్గరే. కారణం పెయింటు. ఈ బళ్లకి సైన్యం పదే పదే, బోల్టులూ లగ్గులూ విప్పకుండానే పైనుంచి రంగు కొట్టేసేది. ఎర్త్ బోల్టు విప్పి చూస్తే లగ్గు కింద ఆకుపచ్చ పొర, నక్షత్రపు వాషరు పళ్లు దిగిన చోట మాత్రం నాలుగైదు మెరిసే చుక్కలు. కరెంటంతా ఆ చుక్కల గుండానే వెళ్లాలి. మీటర్లకైతే చాలుతుంది, సెల్ఫ్‌కి చాలదు. లగ్గు రెండు వైపులా, దాని కింద ఫ్రేమూ ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త నక్షత్రపు వాషరు వేసి బిగించి, ఆ తర్వాతే పైన గ్రీజు గానీ రంగు గానీ పూయండి. ఈ మిలటరీ పెయింటు పొడి పీల్చడం మంచిది కాదు. తడిపి గీకండి, మంచి మాస్కు పెట్టుకోండి, గ్రైండరు పెట్టొద్దు. బ్యాటరీ నుంచి ఫ్రేముకి, ఇంజను నుంచి ఫ్రేముకి, క్యాబు నుంచి ఫ్రేముకి, ఈ మూడూ చేశాకే మిగతా లోపాలు వెతకండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

ఛార్జింగ్ చూపే మీటరు మీద అంకెలుండవు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులే ఉంటాయి. సూచనకి పనికొస్తుంది గానీ దాన్ని నమ్మి ఆల్టర్నేటర్ మార్చేయొద్దు. ఇంజను కాస్త రేసు చేసి బ్యాటరీల మీద మల్టీమీటర్ పెడితే 27.5 నుంచి 28.5 మధ్య ఉండాలి. 25 దగ్గరే ఆగిపోతే బెల్టు, ఆల్టర్నేటర్ వెనక పెద్ద కేబుల్, ఆల్టర్నేటర్ లోపలి ఫీల్డు కాయిల్‌కి వచ్చే సన్న తీగ, ఈ వరసలో చూడండి. 29 దాటితే వోల్టేజీ రెగ్యులేటర్ పోయినట్టు, బ్యాటరీలు ఉడికిపోకముందే బాగుచేయించాలి.

లైట్లలో ఎక్కువ తిప్పలు పెట్టేది వెనక వైపు. మీట సరైన చోట ఉన్నా స్టాప్ లైటు రాకపోతే బ్రేకు ఒత్తిడితో పనిచేసే స్విచ్ దగ్గర రెండు తీగలూ విప్పి ఒకదానికొకటి తగిలించండి. లైటు వెలిగితే స్విచ్ పోయింది. వెలగకపోతే స్టీరింగ్ పక్కనున్న ఇండికేటర్ మీట పెట్టె చూడాలి, ఎందుకంటే స్టాప్ లైటు కరెంటు ఆ పెట్టె గుండానే వెనక్కి పోతుంది. పెట్టెలో కాంటాక్టులు నల్లబడితే ఒక వైపు వెలిగి ఒక వైపు వెలగదు. వెనక్కి పోయే తీగల్లో ఎడమది 22-460, కుడిది 22-461. మామూలు టెయిల్ లైటు 21, బ్లాకవుట్ టెయిల్ లైటు 24. హెడ్‌లైట్ హై బీమ్ 17, లో బీమ్ 18, హారన్ 25. ఈ నంబర్లు తెలిస్తే టెస్ట్ ల్యాంపుతోనే సగం పని అయిపోతుంది. హెడ్‌లైట్లు 24 వోల్టుల ఏడంగుళాల గుండ్రటి సీల్డ్ బీమ్‌లు. పొరపాటున 12 వోల్టులవి పెడితే క్షణంలో పోతాయి. వెనక ఎల్‌ఈడీ లైట్లు వేస్తే పాత ఫ్లాషరుకి ఆ లోడు చాలక ఇండికేటర్ కొట్టుకోకపోవచ్చు. ఎల్‌ఈడీకి పనికొచ్చే 24 వోల్టుల ఎలక్ట్రానిక్ ఫ్లాషరు కూడా తీసుకోండి. లైటు ఒకసారి వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతుంటే లూజు కాంటాక్టు అనుకోకండి. సర్క్యూట్ బ్రేకరు వేడెక్కి పడి, చల్లారి తనంతట తానే కలుస్తుంటే అలాగే ఉంటుంది. ఆ లైన్లో ఎక్కడో షార్టు ఉన్నట్టు.

మీటర్ల లెక్క సులువు. అన్నీ ఒకేసారి చచ్చిపడితే 27వ నంబరు తీగ, ప్యానెల్ ఎర్త్ చూడండి. ఒక్కటే పనిచేయకపోతే దాని సెండరు (మీటరుకి కొలత పంపే సెన్సరు). డీజిల్ మీటరు తీగ 28, నీళ్ల వేడి 33, ఆయిల్ ప్రెషర్ 36. ట్యాంకు మీద 28వ తీగ ఊడదీస్తే ముల్లు ఫుల్ వైపు, ఫ్రేముకి తగిలిస్తే ఖాళీ వైపు పోవాలి. పోతే మీటరూ తీగా మంచివే, సెండరు మార్చుకోండి.

కనెక్టర్ల గురించి కాస్త గట్టిగా చెప్పాలి. రబ్బరు గొట్టంలో దూరే ప్యాకార్డ్ టెర్మినళ్లు వీటిలో ఉంటాయి. పాడైనదాన్ని కత్తిరించి, మామూలు ప్లాస్టిక్ జాయింటు నొక్కి, టేపు చుట్టేస్తే తొలి వానకే లోపం మళ్లీ వస్తుంది. కొత్త టెర్మినళ్లు, రబ్బర్లు విడిగా దొరుకుతాయి. ముందు రబ్బరు తీగలోకి ఎక్కించి, తర్వాత తీగ ఒలిచి టెర్మినల్ గట్టిగా క్రింప్ చేయండి. మగ టెర్మినల్ వెనక సీ ఆకారపు చిన్న వాషరు పెట్టి తీగని వెనక్కి లాగితే అది రబ్బరులో కూర్చుంటుంది. ఆ వాషరు లేకుండా బిగిస్తే కనెక్టరు కలిపేటప్పుడు టెర్మినల్ వెనక్కి జారిపోయి, బయటికి మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. లోపల కాస్త డైఎలక్ట్రిక్ గ్రీజు రాస్తే రబ్బరు తేలిగ్గా జారుతుంది, నీళ్లూ చేరవు. తీగ నంబరు పట్టీ పారేయకుండా మళ్లీ దానికే తొడగండి.

బండి కొన్నాక రెండు మార్పులు తప్పకుండా చేయించుకోమంటాం. ఒకటి, ఎర్త్ కేబుల్‌లో బ్యాటరీ కటాఫ్ స్విచ్. సెల్ఫ్ లాగే కరెంటుకి తట్టుకునే రకం కావాలి, ఇంజను నడుస్తుండగా దాన్ని ఆపకూడదు, ఆల్టర్నేటర్ పోతుంది. రెండోది, 24 నుంచి 12 వోల్టులకి దించే కన్వర్టర్. ఫోను ఛార్జరుకీ, రేడియోకీ ఒక బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగేస్తే ఆ బ్యాటరీ ఎప్పుడూ కొరతగా, రెండోది ఎప్పుడూ ఓవర్ ఛార్జ్‌లో ఉండి, కొద్ది నెలల్లో రెండూ పోతాయి. వెనక పన్నెండు పిన్నుల ట్రైలర్ సాకెట్‌లో వచ్చేదీ 24 వోల్టులే, మామూలు ట్రైలర్‌ని నేరుగా తగిలించొద్దు.

ఈ బండి సైనిక మాన్యువల్ నంబరు టీఎం 9-2320-361-20. వైరింగ్ బొమ్మ, లోపాలు వెతికే వరస అందులో ఉన్నాయి. ఆ వైరింగ్ బొమ్మ ఉన్న పేజీ పెద్దగా ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, సీటు వెనక ఉంచుకోండి.