జిప్పు తీసేలోపు ఎగిరిపోయింది

పిట్టల్ని చూడ్డానికి వెళ్లిన మూడు రోజుల యాత్రలో ఏమేం చూశామో చెప్పమంటే చెప్తాను గానీ, ముందు నా బైనాక్యులర్ పెట్టుకునే కేసు సంగతి కక్కేయాలి. బైనాక్యులర్ ధరలో సరిగ్గా ఎనిమిదో వంతు పోసి కొన్నాను దాన్ని. పైన తాబేటి చిప్పలా గట్టిగా, లోపల మెత్తగా, చుట్టూ తిరిగే జిప్పుతో చూడగానే ముచ్చటేసింది. ఆ ముచ్చటే కొంప ముంచింది.

నాది 8×40, పోరో రకం. ముందున్న 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో ఆ లెక్క. కంటి దగ్గర గొట్టాలు ఇరుగ్గా, ముందు గొట్టాలు పక్కలకు జరిగి, భుజాలు వెడల్పుగా ఉండే పాతకాలపు ఆకారం. మా బావమరిదిది 10×42 రూఫ్ ప్రిజం (ప్రిజం అంటే లోపల వెలుగును మళ్లించే గాజు దిమ్మ), రెండు గొట్టాలూ తిన్నగా ఉంటాయి. నేను కొన్న కేసు అట్టపెట్టె మీద "42 వరకు" అని ఉంది. అమ్మినతను "మీది 40యేగా సార్, దీంట్లో వదులుగా పడుతుంది" అన్నాడు. నేనూ తలాడించాను. 40 అన్నా 42 అన్నా అది ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. ఒళ్లు ఎంత వెడల్పో ఆ అంకె చెప్పదు. బావమరిది 42 పక్కన పెడితే నా 40 మూడు వేళ్లు ఎక్కువ వెడల్పు. ఈ ముక్క అమ్మినతనికి తెలియదో, తెలిసే ఊరుకున్నాడో!

ఇంట్లో పెట్టి చూసుకోలేదా అంటే, చూశాను. మడత పూర్తిగా మూసి, కంటి రబ్బర్లు కిందికి తిప్పి, మెడ బెల్టు ఊడదీసి పెడితే పట్టింది. బెల్టు తగిలించి చుట్టి కుక్కితే జిప్పు చివరి రెండంగుళాలు మూసుకోలేదు. రెండంగుళాలేగా అనుకున్నాను. "ఏవండీ, ఆ జిప్పు నోరు తెరుచుకునే ఉంది" అంది మా ఆవిడ. విననట్టు ఊరుకున్నాను.

మొదటి రోజు ప్రయాణం హాయిగా సాగింది, చెప్పడానికేం లేదు.

రెండో రోజు తెల్లవారుజామున జీపు. బండి బాగుంది, నడిపినాయన ఇంకా బాగున్నాడు, అద్దె మాట్లాడుకున్నదానికి పైసా ఎక్కువ అడగలేదు. రోడ్డే రోడ్డు కాదు. కేసు నా పక్కన సీటు మీద ఉంది. సగం మూసిన జిప్పు కుదుపు కుదుపుకీ కాస్త కాస్త వెనక్కి జారుతోందని నాకు తెలియదు. ఆ సందులోంచి బెల్టు బయటికి వేలాడుతోంది. బావమరిది "బావా, అదిగో డేగ!" అని లేచేసరికి బెల్టు అతని మోకాలికి తగులుకుంది. బైనాక్యులర్ ఊడివచ్చి జీపు ఇనుప నేల మీద పడింది. పెద్ద ఎత్తేం కాదు, మోకాలి ఎత్తు. ఠంగుమన్న ఆ చప్పుడు మాత్రం రాత్రిదాకా నా చెవుల్లో ఉంది.

అద్దాలు పగల్లేదు. అమ్మయ్య అనుకుని కళ్లకు పెట్టుకున్నాను. ఎండు కొమ్మ మీద ఒక డేగ ఉండాలి కదా, రెండు కొమ్మలు, రెండు డేగలు, ఒకదాని మీద ఒకటి. లోపలి ప్రిజం కదిలిపోయి రెండు గొట్టాల చూపూ ఒకే దిశలో లేదు. పక్కలకు కాస్త తేడా వస్తే కళ్లు ఎలాగో సర్దుకుంటాయి. పైకీ కిందికీ తేడా వస్తే సర్దుకోలేవు. ఒక కన్ను పైకి, ఇంకో కన్ను కిందికి చూడాలంటే ఎవరి వల్ల అవుతుంది? పది నిమిషాల్లో తలనొప్పి పట్టుకుంది. మీకూ అలాంటి అనుమానం ఉంటే దూరంగా అడ్డంగా ఉన్న తీగను బైనాక్యులర్‌లోంచి చూస్తూ కళ్లు మూసి తెరవండి. తెరవగానే రెండు తీగలు కనబడి, ఆ తర్వాత ఒక్కటైతే మీ కళ్లు లోపల బైనాక్యులర్ తప్పును మోస్తున్నాయన్నమాట.

బావమరిది ఆ రోజంతా మాట్లాడలేదు. తన మోకాలే కారణమని అతని బాధ. తప్పు నాదని, నా జిప్పుదని ఎంత చెప్పినా వినడే. చివరికి తన 10×42 నా మెడలో వేసి కూర్చున్నాడు. దానికి గుడ్డ సంచి, మూతకు వెల్క్రో. సెలయేటి గట్టున లకుముకి పిట్ట చువ్వలా కూర్చుని ఉంటే ఊపిరి బిగబట్టి మూత లాగాను. చర్రుమంది. అంతే, నీలంగా ఒక గీత కనబడింది, పిట్ట లేదు. మా ఆవిడ నా వంక చూసిన చూపు వర్ణించను. చెరువు మీద దూరపు బాతులను చూసేవాళ్లకు వెల్క్రో వల్ల నష్టం లేదు, దగ్గరి పిట్టల కోసం తిరిగేవాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు.

సాయంత్రం పడవ. ఒంటి కన్నుతోనైనా చూద్దామని నాదే పట్టుకెళ్లాను. గాలికి నీళ్లు చిమ్మి బాగా తడిసింది. బావమరిదిది లోపల మంచు పట్టకుండా నైట్రోజన్ నింపి, రబ్బరు వలయాలతో బిగించిన రకం, పైగా ఐపీఎక్స్ 7. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి చుక్క దిగకూడదు. నాదానికి అలాంటి భాగ్యం లేదు. గదికి రాగానే పైపైన తుడిచి, అదే కేసులో కుక్కి పెట్టాను. ఆ యాత్రలో నేను చేసిన రెండో బుద్ధితక్కువ పని అది.

గది గురించి చెప్పాలి. దుప్పట్లు శుభ్రం, పనివాళ్లు మర్యాదస్తులు. కానీ గోడకు చెమ్మ, బీరువా తీస్తే ముక్కిన వాసన. కిటికీ తెరవబోతే మేకులు కొట్టి ఉంది. పక్క గది ఇవ్వమంటే అన్నీ ఇంతేనని నవ్వాడు కౌంటర్లో కూర్చున్నాయన. బీరువాలో పెట్టిన కేసును తెల్లారి తీసి చూద్దును కదా, కుడి గొట్టం లోపల సన్నటి మంచు పట్టి ఉంది. మెత్తటి నురగ లైనింగు నీళ్లు పీల్చుకుని, రాత్రంతా వదలకుండా దాన్ని ఆవిరి పట్టింది. గట్టి కేసు దెబ్బ నుంచి కాపాడుతుంది, నిజమే. తడిని లోపలే పెట్టి తాళం కూడా అదే వేస్తుంది.

ఇది నాకు తెలియాల్సిన విషయమే. మా మామగారి 7×50 ఏళ్ల తరబడి తోలు కేసులో ఉండిపోయింది. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. ఒకరోజు తీసి చూస్తే అద్దం లోపలివైపు సాలెగూడు అల్లినట్టు బూజు. అది పైపూతను తినేశాక తుడిచినా మచ్చ పోలేదు. తోలు కేసు అందం వేరు, కాదనను, అల్మారాలో ఖాళీగా పెట్టుకుని చూసుకోండి.

మూడో రోజు మాకు దారి చూపించిన గైడు దగ్గర కేసే లేదు. ఛాతీ మీద పట్టీలతో కట్టుకున్న చిన్న సంచి, పైన అయస్కాంతంతో అతుక్కునే మూత. ఒంటి చేత్తో మూత ఎత్తి, చప్పుడు లేకుండా బైనాక్యులర్ తీసి, చూసి, మళ్లీ వేసేశాడు. నేను లెక్కపెట్టాను, రెండు అంకెలు పూర్తయ్యేలోపు కళ్ల దగ్గరుంది. బరువు మెడ మీద కాకుండా భుజాల మీద పడుతుంది, వంగితే ఊగదు, రాయికి తగలదు. బైనాక్యులర్ కంటివైపు అద్దాల మీద వాన పడకుండా బెల్టుకు కట్టిన రబ్బరు మూత ఒకటి. "మరి కేసు?" అంటే, "ఇంట్లో ఉంది సార్, నేను ఇక్కడున్నాను" అని నవ్వాడు. ఆ ఒక్క ఉదయం కోసం ఈ యాత్రకు పెట్టిన ఖర్చంతా మాఫీ చేశాను. పిట్టలూ బాగా కనబడ్డాయి, బావమరిదీ మళ్లీ మాట్లాడాడు.

ఇంటికొచ్చాక మరమ్మతుకు బైనాక్యులర్ ధరలో నాలుగో వంతు అయ్యింది. అంటే ఆ కేసు లాంటివి రెండు కొనొచ్చు. ఈసారి కేసు కోసం వెళ్లినప్పుడు బైనాక్యులర్‌ను వెంట తీసుకెళ్లాను, బెల్టు తగిలించే. అట్టపెట్టె మీది అంకె చూడలేదు. పెట్టాను, జిప్పు చివరిదాకా లాగాను, తలకిందులు చేసి ఊపాను. బొటనవేలితో బయటి నుంచి మూలలు నొక్కితే లోపలున్నది వేలికి తగలకూడదు. మొదటి రెండింటికీ తగిలింది. కొన్నింటికి పక్కలకు చీలికలుంటాయి, బైనాక్యులర్ బెల్టు వాటిలోంచి బయటికి వచ్చి మెడలోనే ఉండిపోతుంది. మూత తీస్తే చాలు, చేతిలోకి వస్తుంది. అలాంటిదే తీసుకున్నాను. నలుపు వద్దని నారింజ రంగు తీసుకున్నాను, గడ్డిలో పెట్టి మరిచిపోయే అలవాటుంది నాకు. బావమరిది నవ్వాడు, నవ్వనీ.

లోపల సిలికా జెల్ పొట్లం ఒకటి వేశాను, తడి పీల్చాక రంగు మారే రకం. రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. తడిసి వచ్చిన రోజున మాత్రం పొట్లాన్ని నమ్మను. బైనాక్యులర్ బల్ల మీద, కేసు నోరు తెరుచుకుని పక్కన, రెండూ తెల్లారేదాకా గాలికి. విమానంలో చేతి సంచీలోనే పెట్టుకుంటాను. కింద సామాన్లు ఎలా విసురుతారో ఒకసారి కిటికీలోంచి చూశాను లెండి.

ఛాతీ సంచి కూడా కొన్నాను. మా ఆవిడ మొదటి రోజే లాక్కుంది. ఆ పాత తాబేటి చిప్పలో ఇప్పుడు సూదీదారాలు పెట్టుకుంటోంది. జిప్పు చివరిదాకా చక్కగా పడుతోంది.