ఫిడేలు కొని ఐదేళ్లు: మా అపార్ట్‌మెంట్ తరఫున ఒక సమీక్ష

వయొలిన్ కొని ఐదేళ్లు దాటింది. కొన్నది పిల్లల కోసం కాదు, నాకే. అప్పటికి నాకు నలభై రెండేళ్లు. విశాఖలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు. ఇంట్లో మా ఆవిడ, అమ్మ, ఇంటర్ చదివే అబ్బాయి. ఇల్లూ గోడలూ లెక్కలోకి తీసుకోకుండా వయొలిన్‌కి రివ్యూ రాయడం కుదరదు, అందుకే ముందే చెబుతున్నాను.

వినడానికి ఏ వాయిద్యం ఎక్కువ చిరాకు అనే మాట వస్తే ఒకరు డ్రమ్స్ అంటారు, ఇంకొకరు కల్యాణ మండపంలో మైకు పెట్టిన నాదస్వరం అంటారు. నా ఓటు నా వాయిద్యానికే. కాకపోతే మొదటి రెండేళ్ల వరకే.

షాపులో 6,500 అయింది. వయొలిన్, కమాను, రోజిన్ బిళ్ల, పెట్టె అన్నీ కలిపి. కొనేముందు షాపతను దాన్ని భుజాన పెట్టి ఒక్క నిమిషం వాయించాడు. ఆ నిమిషం విని కొన్నాను. ఇంటికొచ్చి పెట్టె తెరిచి నేను కమాను లాగితే, వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "ఏమైందండీ?" అంది. ఏమీ కాలేదు, సంగీతం మొదలైందన్నాను.

మనవైపు పద్ధతి తెలిసిందే. నేల మీద కూర్చుని, వయొలిన్ తల కుడికాలి చీలమండ మీద ఆనించి, రెండో చివర ఛాతీకి ఆనించుకోవాలి. మొదటి నెలంతా నాకు నేర్పే మాస్టారు వేలు పెట్టనివ్వలేదు. ఉత్త తీగల మీద కమాను, అంతే. స, ప, స, ప. నాలుగు తీగలు, రోజుకి అరగంట. ఆ తరవాత మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, అంటే స-రి-గ-మలు ఎక్కి దిగే తొలి పాఠాలు. అసలు కథ ఇక్కడే మొదలైంది.

వీణకి ఇరవైనాలుగు మెట్లుంటాయి. వేలు కాస్త అటూ ఇటూ పడినా మెట్టు సర్దిపెడుతుంది. హార్మోనియం సంగతి చెప్పక్కర్లేదు, మెట్టు నొక్కితే ఆ స్వరమే పలుకుతుంది. వయొలిన్‌కి ఆ ఆధారం లేదు. నున్నటి నల్లచెక్క, దాని మీద మన వేలు. రెండు మిల్లీమీటర్లు తప్పితే స్వరం తప్పినట్టే. పైగా ఆ రాగంలో రిషభం (రి) షడ్జమానికి (స) ఆనుకుని ఉంటుంది, గాంధారం (గ) దూరంగా ఉంటుంది. కాబట్టి వేలు ముందు చాలా దగ్గరగా పడాలి, వెంటనే చాలా దూరం వెళ్లాలి. నా వేలు రెండింటికీ మధ్యలో ఎక్కడో దిగేది. మా అమ్మకి సంగీతం రాదు. అయినా మంచం మీంచి కదలకుండానే పట్టేసేది. "ఒరేయ్, ఆ రెండో అక్షరం దగ్గరికి రాగానే అది ఎందుకురా అలా మూలుగుతుంది?"

కమానుతో ఇంకో తంటా ఉంది. కమానుకి కట్టేది గుర్రపు తోక వెంట్రుకలు. వాటికి రోజిన్ రాస్తే జిగురు పడుతుంది. ఆ జిగురుతో వెంట్రుక తీగని పట్టుకుని కొంచెం లాగుతుంది, తీగ జారి వెనక్కి పోతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఇది సెకనుకి వందల సార్లు జరిగితే, ఒకే తీరుగా జరిగితే, నాదం వస్తుంది. చెయ్యి తేలికైతే తీగ ఈల వేస్తుంది, బరువైతే గరగరమంటుంది. కొత్తవాడి చెయ్యి ఒకే లాగుడులో తేలికా అవుతుంది, బరువూ అవుతుంది. తలుపు బందు కిర్రుమనడం కూడా ఇలా పట్టి జారడం వల్లే. పైగా మన చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య చప్పుళ్లని బాగా పట్టేస్తుంది. పసిపిల్లల ఏడుపు మనల్ని నిలవనీయకపోవడానికి అదీ ఒక కారణం. వయొలిన్ గీపెట్టినప్పుడు సరిగ్గా ఆ మేరలోనే పోటు పొడుస్తుంది.

రెండో నెలలో ఒక సంగతి జరిగింది. కింది అంతస్తులో ఒక రిటైర్డ్ మాస్టారున్నారు, లెక్కలు చెప్పేవారు. ఆయన వారం రోజులు ఓపిక పట్టి, వాచ్‌మన్‌ని పిలిచి, సాయంత్రం ఆరున్నరకి లిఫ్టు తలుపు కిర్రుమంటోంది, చూడమన్నారు. వాచ్‌మన్ గ్రీజు పెట్టాడు. మర్నాడు ఆరున్నరకి మళ్లీ అదే చప్పుడు. మళ్లీ గ్రీజు. మూడోరోజు నేను చెప్పులేసుకుని కిందికి దిగుతుంటే, వాచ్‌మన్ స్టూలెక్కి లిఫ్టు తలుపు పైపట్టాని గుడ్డతో తుడుస్తున్నాడు, మాస్టారు కింద నిలబడి టార్చి వేస్తున్నారు. తలుపు నాలుగుసార్లు తీసి మూశారు, కిక్కురుమనలేదు. "వింతగా ఉందే" అన్నారాయన. చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేక పాల ప్యాకెట్ కొనుక్కుని వచ్చేశాను. మూణ్ణెల్ల తరవాత అసోసియేషన్ మీటింగులో ఆయనే మెల్లగా, "మీరు ఏదో నేర్చుకుంటున్నట్టున్నారు, మంచిదే" అన్నారు. ఆ "మంచిదే"లో ఎంత బరువుందో నాకు తెలుసు.

మిగతా వాయిద్యాల సంగతీ చెప్పాలి, పక్షపాతం అనుకోకుండా. మా పైఅంతస్తు కుర్రాడికి కీబోర్డు ఉంది. దానిలో డెమో బటన్ ఉంది. ఆ బటన్ పెట్టినవాడెవడో గానీ వాడికి పక్కిళ్లు ఉండి ఉండవు. అదే పాట, అదే వేగం, రోజుకి పదిసార్లు. అయినా అది శ్రుతి తప్పదు, కాబట్టి వారానికి చెవి దాన్ని పక్కన పెట్టేసింది. హార్మోనియంని ఆలిండియా రేడియో 1940లో గడప తొక్కనివ్వనంది, ముప్ఫై ఏళ్లు దాటాక గానీ తలుపు తీయలేదు. స్వరాన్ని ఊపుతూ పలికించే గమకాలు పలకవని, స్వరాలు బిగుసుకుపోయి ఉంటాయని అప్పటి అభ్యంతరం. మా వీధి భజన మందిరంలో శనివారం శనివారం అది మోగుతుంది, నాకైతే ఏనాడూ ఇబ్బంది అనిపించలేదు. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో దక్షిణాఫ్రికా వాళ్లు ఊదిన వువుజెలా గుర్తుందా? ఒకటే స్వరం, వేలమంది ఒకేసారి. టీవీలో వింటే కందిరీగల తుట్టె కదిలినట్టుండేది. కానీ మ్యాచ్ అయిపోగానే అదీ అయిపోయేది. వినాయక చవితికి మా సందులో డప్పులు మోగితే కిటికీ అద్దాలు అదురుతాయి. నిమజ్జనం ఎప్పుడో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ నోరెత్తరు.

చప్పుడు పెద్దదైనంత మాత్రాన చిరాకు రాదని ఈ ఐదేళ్లలో నాకు తెలిసొచ్చింది. ఫోన్‌లో యాప్ పెట్టి చూశాను. నా పక్కన 84 డెసిబెల్స్ చూపించింది, తలుపేస్తే హాల్లో అరవై లోపే. మిక్సీ ఇంతకంటే ఎక్కువ అరుస్తుంది. కానీ మిక్సీ తిరిగితే చట్నీ వస్తుంది. నేను వాయిస్తే స-రి-గ-మ, మళ్లీ స-రి-గ-మ, ప్రతిసారీ అదే చోట అదే తప్పు. వినేవాడు ఆ తప్పు కోసం ముందే పళ్లు బిగించి కూర్చుంటాడు. అది చెవిలో జోరీగ. పైగా దీనికి నిమజ్జనం లేదు.

చప్పుడు తగ్గించడానికి మ్యూట్ అని ఒక బిళ్ల ఉంది. రబ్బరుది బ్రిడ్జికి, అంటే తీగల్ని ఎత్తి పట్టే చెక్కకి, తగిలిస్తే కొంచెం తగ్గుతుంది. లోహపు మ్యూట్ అయితే చాలా తగ్గుతుంది, కింది ఇంటికి దాదాపు వినపడదు. కానీ దానితో మన చెవికీ సగమే తెలుస్తుంది, తప్పులు దాక్కుంటాయి. మా మాస్టారు దాన్ని చూసి మొహం చిట్లించారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఎలాగూ వాయించకూడదు, నేను ఎనిమిదికే పెట్టె మూసేస్తాను. పడకగదిలో పరుపు వైపు తిరిగి కూర్చుంటే గోడకేసి కూర్చున్నదానికన్నా నయం. ఇది నేను కనిపెట్టినదేమీ కాదు, మా ఆవిడ నన్ను అక్కడికి తరిమింది.

వస్తువు సంగతికొస్తే, విశాఖ తేమకి తీగలు బిగించే బిరడాలు ఉబ్బి కదలవు, డిసెంబరులో వదులై జారిపోతాయి. సుద్దముక్క రుద్దితే నిలబడతాయి. సన్న తీగ మాత్రం ఏడాదికి రెండుసార్లు తెగింది, ఒకసారి అర్ధరాత్రి పెట్టెలోనే టప్పుమంది. తీగల సెట్ 350, ఏడాదికోసారి మార్చాలి. మొదటి మూడేళ్లూ మార్చకుండా ఉన్న పాత తీగల మీద గరగర నాదేనని నన్ను నేనే తిట్టుకున్నాను, సగం తీగలదట. కొత్తగా కొనేవాళ్లు ముందు తీగలు మార్పించండి, షాపులో వచ్చేవి నమ్మొద్దు.

మా ఊళ్లో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్తే, వాయించింది విని ఏకంగా ఆచార్యుణ్ణి చేశారని చెబుతారు, 1919 నాటి మాట. ఆయన సరళీ వరుసలు సాధన చేసిన రోజుల్లో పక్కింటివాళ్లు ఏమనుకున్నారో తెలుసుకోవాలని నాకు భలే కోరిక.

ఇప్పుడు రెండు వర్ణాలు, నాలుగు కృతులు వచ్చు. ఈమధ్య నేను వాయిస్తుంటే అమ్మ టీవీ సౌండ్ పెంచడం లేదు, మా అబ్బాయి మాత్రం ఇయర్‌ఫోన్స్ తీయడు. ఐదుకి మూడు నక్షత్రాలు. మొదటి రెండేళ్లకి అడిగి ఉంటే ఒకటి, అదీ పెట్టెకి.

లిఫ్టు తలుపు నెల్లాళ్లుగా నిజంగానే కిర్రుమంటోంది. నేను రెండుసార్లు వాచ్‌మన్‌కి చెప్పాను. "అది లిఫ్టు కాదు సార్, మీరే" అని నవ్వేసి వెళ్లిపోతున్నాడు.