అపొలో చక్రాలా, ఇంచ్ డంబెల్లా: ఏది ఎత్తడం కష్టం?

పాతకాలపు బలశాలుల కథల్లో ఏది నిజమో తేల్చాలంటే మాటలకన్నా వస్తువులను నమ్మాలి. వాటి బరువు అబద్ధం చెప్పదు.

ఫ్రాన్స్‌కు చెందిన లూయీ యూనీ, అంటే అపొలో, ప్రదర్శనల్లో వాడిన, ఒకే ఇరుసుకు బిగించిన రెండు రైలు చక్రాల బరువు సుమారు 166 కిలోలు. ఇంగ్లండ్‌లో థామస్ ఇంచ్ సవాలుగా పెట్టిన డంబెల్ 78 కిలోలే. అంకెలు చూస్తే చక్రాలే కష్టం అనిపిస్తుంది. కానీ డంబెల్ పిడి ఆరు సెంటీమీటర్ల మందం. వేళ్లు చుట్టూ అందవు, ఎత్తబోతే అది చేతిలోనే దొర్లి జారిపోతుంది. వెన్నులో బలం ఎంతున్నా, పట్టు లేకపోతే అది నేల విడవదు.

చక్రాల ఇరుసు కూడా లావే, సుమారు అయిదు సెంటీమీటర్లు. 1949లో అమెరికా వెయిట్‌లిఫ్టర్ జాన్ డేవిస్ దాన్ని భుజాలకు తేవడానికి మొదట పలుసార్లు విఫలమయ్యాడు. చివరికి ఒక చేతిని తిరగేసి పట్టుకుని, గాల్లోనే ఆ చేతి పట్టు మార్చి ఎత్తాడు. నాకు ఒళ్లు గగుర్పొడిచే ఘట్టం అదే.

అసలు అపొలో వాటిని తలపైకి ఎత్తాడా? గట్టి ఆధారం లేదు. 1930లో ఫ్రాన్స్ వెయిట్‌లిఫ్టర్ షార్ల్ రిగూలో ఎత్తాడన్నది మాత్రం నమోదైన విషయం. ఇంచ్ దగ్గరేమో చూడటానికి అలాగే ఉండే తేలిక డంబెల్స్ కూడా ఉండేవి. అందుకే ఆయన ప్రదర్శనల కథలు వినేటప్పుడు, ఆ రోజు చేతిలో ఉన్నది ఏదని నేను ముందు అడుగుతాను.